ఎవరిదో జారిన వేలు

శుక్రవారం మధ్యాహ్నం రే ఆస్గర్బీ వంటగదిలో కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే రేడియోలో ఆ పాట మొదలయింది. లేచి, తడిచేత్తోనే మీట తిప్పి ఆపేశాడు.

ముందుగదిలోంచి భార్య డోరీన్ కేకేసింది. "ఆపేశావేం? పక్కింటివాళ్లు మనం పోయామనుకుంటారు."

"దుంపలు ఉడకాలిగా" అన్నాడు రే.

దుంపలు ఉడకడానికీ రేడియోకీ సంబంధమేమిటో ఆమె అడగలేదు. ఆయన అలాంటి జవాబులు చెప్పడం, ఆమె వాటిని వదిలేయడం ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే. రే మిగతా దుంపలు కూడా చెక్కుతీసి గిన్నెలో నీళ్లు పోశాడు. లింకన్ నుంచి కూతురు వస్తోందని పొద్దునే తెచ్చిన హాడక్ చేప ముక్కలు కాగితంలోనే ఉన్నాయి. వాటిని విప్పకుండా పెరటి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. పొయ్యి మీద గిన్నె చప్పుడు ఎంతకీ వినపడకపోయేసరికి డోరీన్ లేచి వచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది.

సాయంత్రం గిలియన్ వచ్చేసరికి దుంపలు ఇంకా నీళ్లలోనే తెల్లగా ఉన్నాయి. ఆఖరి పూట నాన్న ఏం చేశాడో అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఎవరొచ్చినా చెప్పింది. రేడియో సంగతి వచ్చినప్పుడు, అందులో ఏ పాట వచ్చిందని గిలియన్ అడగలేదు. తండ్రి లేచి ఆపేసే పాట ఒక్కటే ఉందని ఆమెకు తెలుసు. పోయేముందు ఆయన చేసిన చివరి పనుల్లో అదీ ఒకటైనందుకు ఆమెకు ఏడుపుకన్నా ముందు సిగ్గు వచ్చింది. అది తన సిగ్గు కాదు, తండ్రిది. ఆయన పోయాక మోయడానికి ఇంకెవరూ లేక ఆమె దగ్గర మిగిలింది.

మర్నాడు వాళ్ల ఊరు గ్రిమ్స్‌బీ పేపర్లో ఫోటోతో సహా వేశారు. 'పోటు వచ్చేదాకా' పాటలో గిటార్ వాయించిన మనవాడు ఇక లేడు, అని.

*

గ్రిమ్స్‌బీలో ఆ పాట తెలియనివాళ్లు లేరు. చేపల రేవులో పనిచేసే నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న బృందం డాగర్ లైట్స్. వాళ్ల నాన్నలు వేటకు వెళ్లే సముద్రం పేరే పెట్టుకున్నారు. మాల్కం ట్రిప్ పాడేవాడు, రే గిటార్ వాయించేవాడు. పగలంతా రే చేపను కోసి ముల్లు తీసే బల్ల దగ్గర నిలబడేవాడు. కత్తి ఒక్క ఊపులో తల నుంచి తోక దాకా వెళ్లిపోయేది. చేప తనంతట తాను విడిపోయినట్టుండేదని చూసినవాళ్లు చెప్పేవారు. శనివారం సాయంత్రాలు అవే చేతులు వెనిగర్‌తో కడుక్కుని క్లీథార్ప్స్ తీరంలో సముద్రంలోకి కట్టిన వంతెన మీది హాల్లో వాయించేవాడు. ఎంత కడిగినా వాసన పోయేది కాదు. ముందు వరుసలో నిలబడే ఆడపిల్లల నాన్నలదీ అదే వాసన కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

అరవై అయిదులో లండన్ కంపెనీ ఒకటి వాళ్లను పిలిపించి రికార్డు వేసింది. ఒక వైపు సముద్రపు పోటు మీది పాట 'పోటు వచ్చేదాకా', వెనకవైపు 'తడిసిన కోటు'. ముందువైపు పాట ఆ వేసవిలో దేశమంతా మోగింది. పాట మధ్యలో ఒక చిన్న గిటార్ ముక్క వస్తుంది. దాని రెండో వరుస చివర ఒక స్వరం చిట్లుతుంది, ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతు ఒక్క క్షణం జీరపోయినట్టు. జనానికి పాట మాటలు గుర్తులేకపోయినా ఆ స్వరం గుర్తుండేది. అది వచ్చినప్పుడు హాల్లో అందరూ గుండెమీద చెయ్యి వేసుకునేవారు. అదొక ఆనవాయితీ అయిపోయింది.

డోరీన్ రేని కలిసిందీ ఆ రికార్డు వల్లే. ఆ కథ ఆమె నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. క్రిస్మస్‌కి, పెళ్లిళ్లకి, పక్కింటి కొత్త కోడలికి, పళ్ల డాక్టరుకి కూడా చెప్పింది.

"ఫ్రీమన్ వీధిలో కాఫీ హోటలు. పాటల పెట్టె దగ్గర నిలబడి డబ్బులేసి మీ నాన్న రికార్డు నొక్కాను. వింటుంటే ఒళ్లంతా ఏదోలా అయిపోయింది. ఇది వాయించిన చేతులు ఎలా ఉంటాయో అనుకున్నాను. పాట అయిపోయిందో లేదో తలుపు తీసుకుని ఈ పెద్దమనిషి లోపలికొచ్చాడు. పక్కనున్న మా షీలా, ఒసే, అదిగో వాడేనే అంది. మొహం చూశానంటావా? లేదు. చేతులు చూశాను. అన్నీ కత్తిగాట్లు. అయినా సరే, చేసుకుంటే ఆ చేతుల్నే చేసుకోవాలనుకున్నాను."

"మొహం అప్పుడే చూసుంటే బతికిపోయేదానివి" అనేవాడు రే. అందరూ నవ్వేవారు. ఆయన నవ్వుతూనే చేతులు బల్లకిందికి తీసుకునేవాడు. చిన్నప్పుడు గిలియన్‌కి అది తమాషాలో భాగమనిపించేది.

బృందం రెండేళ్లకే చెదిరింది. రే మళ్లీ రేవుకొచ్చాడు. తర్వాత చేపల వేటే పోయింది, రేవు ఖాళీ అయింది, చేపముక్కలకు రొట్టెపొడి అద్ది గడ్డకట్టించే ఫ్యాక్టరీలో తెల్లటోపీ పెట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో కూడా కొత్తగా చేరిన ప్రతివాడికీ ఎవరో ఒకరు చూపించేవారు, "అదిగో, ఆ పాటలో గిటార్ ఆయనదే" అని. టోపీ కింద ఆయన చెవులు ఎర్రబడేవి. బిడియస్థుడనుకునేవారు.

ఇంట్లో ఆ రికార్డు ఆయన ఉండగా మోగినట్టు గిలియన్‌కి గుర్తులేదు. రికార్డుల మీద మాత్రం ఆయనకు పట్టింపు ఎక్కువ. ఆమె పన్నెండేళ్లప్పుడు ఏదో పాటను పదేపదే వేసుకుని వింటుంటే వచ్చి రికార్డు తీసి కిటికీ వెలుగులో చూపించాడు. నల్లగా నిగనిగలాడాల్సింది బూడిదరంగుకి తిరిగింది.

"చూశావా? సూది తినేస్తుంది. ఎక్కువ ఇష్టమైన పాటే ముందు చచ్చిపోతుంది. కాస్త ఊపిరి పీల్చుకోనీ దాన్ని."

ముందుగదిలో తలుపు పక్కన టీవీ కార్యక్రమంలో తీసిన ఫోటో ఉండేది. నలుగురూ ఒకేరకం కోట్లు, రే గిటార్ ఎత్తిపట్టి నవ్వుతూ. దాని పక్క కొక్కేనికి రే తన కోటు తగిలించేవాడు. కోటు ఫోటోకి సగం అడ్డొచ్చేది. డోరీన్ కోటు తీసి మెట్ల దగ్గర తగిలించేది. మర్నాడు కోటు మళ్లీ అక్కడే ఉండేది. ఈ పోరు కొన్నేళ్లపాటు మాటా మంతీ లేకుండా నడిచింది.

*

పెద్దవయసులో పాత బృందాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. మాల్కం ఫోన్ చేసి, "ఒరేయ్, జనం మనల్ని మళ్లీ చూడాలంటున్నార్రా. పళ్లు కట్టించుకుని వచ్చెయ్" అన్నాడు. రే వద్దన్నాడు. డోరీన్ ఒప్పించింది. ఆయన బిడియం వదిలించాలని ఆమె పట్టుదల. ఊదారంగు చొక్కా కుట్టించి, మెడ దగ్గర కుచ్చులు తనే ఇస్త్రీ చేసింది.

గిలియన్ ఇరవయ్యారేళ్లప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం మేబుల్‌థార్ప్ సముద్రతీరంలోని సెలవుల శిబిరంలో వాళ్ల కచేరీ జరిగింది. బయట వాన. లోపల కుటుంబాలన్నీ చిప్స్ తింటూ కూర్చున్నాయి. 'పోటు వచ్చేదాకా'లో ఆ గిటార్ ముక్క వచ్చినప్పుడు గిలియన్ తండ్రిని చూసింది. మిగతా పాటలన్నిటిలో ఆయన భుజాలు ఊగుతాయి, కాలు తాళం వేస్తుంది. ఈ ముక్క దగ్గర మనిషి బిగుసుకుపోయాడు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా కళ్లు ఎక్కడో పెట్టి ఒక్కొక్క స్వరమే వాయించాడు. రెండో వరుస చివర స్వరం చిట్లింది. హాలంతా గుండెమీద చెయ్యి వేసుకుంది. డోరీన్ కూడా వేసుకుంది.

అయ్యాక ఒక బట్టతల మనిషి వేదిక పక్కకు వచ్చాడు. స్కన్‌థార్ప్‌లో తనకూ ఒక బృందముందని చెప్పుకున్నాడు. పేరు బారీ.

"అయ్యా, ఒక్కటే అడుగుతాను. ఆ చిట్లే స్వరం. తీగ పక్కకి లాగుతారా, గోరుతో మీటుతారా? ఇరవై ఏళ్లనుంచి చస్తున్నాను, రావట్లేదు."

"వేలు జారింది" అన్నాడు రే.

"ఏమిటండీ?"

"వేలు జారింది బాబూ. తప్పు పడింది. మళ్లీ వాయించడానికి టైం లేదు, వదిలేశారు. అంతే."

బారీ పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. "అదండీ గొప్పవాళ్లంటే. మా కుర్రాళ్లకి చెప్తాను. వేలు జారిందట."

"ఆయనంతే లెండి" అంది డోరీన్. "నలుగురూ పొగిడితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది."

డోరీన్ తంబోలా ఆడటానికి ఆగింది. తండ్రీకూతుళ్లు కారులో కూర్చున్నారు. ముందు అద్దం మీద వాన, దాని వెనక బూడిదరంగు సముద్రం. ఒళ్లో చిప్స్ పొట్లం. రే ఒక్కటీ తినలేదు.

"నిజమే చెప్పాను వాడికి" అన్నాడు.

"వేలు జారిందనా?"

"ఊఁ. జారింది. నాది కాదు."

గిలియన్‌కి అర్థం కాలేదు. ఆయన వానకేసి చూస్తూ చెప్పుకుపోయాడు. చెబుతున్నంతసేపూ గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

ఆ రికార్డు వేసిన రోజు తెల్లారకముందే నలుగురూ చేపల వ్యానులో లండన్ వెళ్లారు. రికార్డింగ్ గదిలో అడుగు పెట్టేసరికి అక్కడో మనిషి అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టై కట్టుకుని, పైన చేత్తో అల్లిన ఊలు చొక్కా వేసుకుని, గిటార్ ఒళ్లో పెట్టుకుని గుర్రప్పందాల పేజీ చదువుకుంటున్నాడు. కంపెనీ తరఫు పెద్దమనిషి వచ్చి, "పాడే అబ్బాయి మాత్రం ఉండండి. మిగతా వాద్యాలకి మా మనుషులున్నారు, మీరు ముగ్గురూ వెళ్లి టీ తాగండి బాబూ. పిలుస్తాం" అన్నాడు. రే తన గిటార్ అప్పటికే పెట్టెలోంచి తీశాడు. దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పెద్దమనిషి కసురుకోలేదు. "ఇక్కడ అందరికీ ఇంతే. కొత్త కుర్రాళ్లతో అయితే పొద్దంతా పడుతుంది. ఈయన కాగితం చూసి వాయించేస్తాడు. మనసులో పెట్టుకోకు" అన్నాడు.

"ఏమన్నావు నువ్వు?"

"సరేనండీ అన్నాను. ఏమంటాం? ఇరవై ఒక్క ఏళ్లు నాకు. ఒళ్లంతా చేపకంపు. సరేనండీ అన్నాను."

అద్దం వెనక నుంచి చూశాడు. ఊలు చొక్కా ఆయన రెండోసారికే పూర్తిచేశాడు. రెండో వరుస చివర వేలు జారింది. ఆయనే తల అడ్డంగా ఊపి, మళ్లీ చేద్దామన్నాడు. పెద్దమనిషి గోడ గడియారం చూసి, చాల్లెండి, ఎవరూ వినరు అన్నాడు. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఇంకో గదిలో ఇంకెవరి పాటకో వెళ్లిపోయాడు. కొంచెం సమయం మిగిలింది. వెనకవైపుకి ఏదో ఒకటి కావాలి కదా. "అది మీరే వాయించుకోండి అబ్బాయిలూ" అన్నాడు పెద్దమనిషి. అప్పుడు రే ఆ గదిలో తన గిటార్‌తో, వ్యానులో వస్తూ కట్టిన 'తడిసిన కోటు' పాటని ఒక్కసారి వాయించాడు. రెండోసారి అవసరం లేదన్నారు. వెనకవైపు ఎవరు వింటారు?

"తర్వాత ఇంటికొచ్చి, రికార్డు తెచ్చుకుని, గదిలో తలుపేసుకుని ఆ ముక్క నేర్చుకున్నాను గిల్లీ. దేశమంతా నాదనుకుంటున్న ముక్కని నేను రికార్డు విని నేర్చుకున్నాను. నేర్చుకుని మొదటిసారి హాల్లో శుభ్రంగా వాయించాను, తప్పు లేకుండా. జనం మొహాలు చిన్నబోయాయి. ఆ చిట్లుడు లేదేమిటని అడిగారు. అప్పట్నుంచి ఆ తప్పు కూడా సాధన చేశాను. ఆయన వేలు ఒక్కసారే జారింది. నాది ముప్పై ఏళ్లుగా జారుతోంది."

టీవీలో ఉత్తుత్తినే వాయించినట్టు నటించమన్నారు. ఫోటోలో గిటార్ నుంచి స్పీకర్‌కి వెళ్లాల్సిన వైరు చివర ఎక్కడుందో చూశావా అని అడిగాడు. గిలియన్ చూడలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి కోటు పక్కకి జరిపి చూసింది. వైరు రెండో కొస తండ్రి ప్యాంటు వెనక జేబులోకి దోపి ఉంది.

కారులో ఆయన చివరికి అసలు సంగతికి వచ్చాడు. "మీ అమ్మ ఆ కాఫీ హోటల్లో విన్నది ఆయన చేతుల్ని. నా చేతులు చూసి పెళ్లి చేసుకుంది. చెప్దామనుకున్నాను, పెళ్లికి ముందు. ఆ కథ అప్పటికే వాళ్లమ్మకి చెప్పేసింది. పెళ్లయ్యాక చెప్దామనుకున్నాను. నువ్వు పుట్టావు. ఇంక ఎప్పుడు చెప్తాం?"

"అమ్మ ఏమీ అనుకోదు నాన్నా."

"అనదు. అనకుండానే ఆ కథ చెప్పడం మానేస్తుంది. నేను దానికే భయపడతాను." పొట్లం మడిచి కారు తలుపు సందులో పెట్టాడు. "అమ్మకు చెప్పకు. నేను పోయాక కూడా చెప్పకు."

గిలియన్ మాటిచ్చింది. దూరంగా తంబోలా హాలు తలుపు తీసుకుని డోరీన్ వస్తోంది. ప్లాస్టిక్ గొడుగు కింద, ఏదో గెలిచినట్టు చెయ్యి ఊపుతూ.

*

ఆ మాట మోయడం ఎంత బరువో గిలియన్‌కి తర్వాత తెలిసింది. తల్లి ఆ కథ మొదలుపెట్టినప్పుడల్లా తండ్రి కళ్లు తన కళ్లను వెతుక్కునేవి. ఆమె బల్లమీది ఉప్పు డబ్బాను చూసేది. చిన్నప్పుడు బళ్లో అందరికీ చెప్పుకుని గర్వపడిన పాటే, ఇప్పుడు దుకాణంలో వినబడితే బుట్ట అక్కడే పెట్టి బయటికొచ్చేసేది. లింకన్‌లో ఆమె భర్త స్నేహితులెవరో, "మీ నాన్నగారేనటగా?" అని అడిగితే, అవునని చెప్పి, చెప్పినందుకు ఆ రోజంతా మనసు బాగుండేది కాదు.

రేకి అరవై నాలుగేళ్లప్పుడు టీవీ పత్రికలో ఒక ప్రకటన పడింది. ఆ రోజుల్లో రికార్డింగ్ గదుల్లో కూర్చుని పెద్దపెద్ద బృందాల పేరిట వాయించిన, ఎవరికీ తెలియని వాద్యకారుల మీద కార్యక్రమం. చిన్న ఫోటో కూడా వేశారు. ముసలాయన. టై, ఊలు చొక్కా. గుర్తుపట్టడానికి రేకి ఎక్కువసేపు పట్టలేదు.

డోరీన్ ఆ పేజీ మడతపెట్టి, "గురువారం సాయంత్రం ఇది చూడాలోయ్. నీ కాలందే" అంది.

గురువారం సాయంత్రం గిలియన్‌కి తల్లి ఫోన్ చేసింది. "మీ నాన్నకి మతిపోయిందే. నిచ్చెనేసుకుని ఇంటి పైకెక్కాడు. టీవీ ఏరియల్ ఊడగొడుతున్నాడు. గాలికి వంగిపోయిందట. గాలెక్కడుంది? ఆకు కదలట్లేదు." తర్వాత ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి అరవడం వినిపించింది. "రే, దిగు. దిగవయ్యా మహానుభావా. పోలీసులొస్తారు. చూడ్డానికి అంత గొప్పదేమీ లేదులే ఈపూట, నువ్వు దిగు."

ఆ ముసలి ప్రాణం నిచ్చెన మీద ఏరియల్‌ని కౌగిలించుకుని నిలబడ్డ దృశ్యం గిలియన్‌కి లింకన్‌లో కూర్చునే కనిపించింది. నవ్వొచ్చింది, వెంటనే మొహం వేడెక్కింది. వీధిలోవాళ్లంతా తలెత్తి చూస్తుంటారు.

ఆమె తన ఇంట్లో ఆ కార్యక్రమం చూసింది. ఊలు చొక్కా పెద్దాయన చాలాసేపు మాట్లాడాడు. మంచిమనిషే. ఏవేవో పాటల పేర్లు చెప్పాడు, కొన్ని ముక్కలు వాయించి చూపించాడు. చివరిదాకా గుప్పిట బిగించుకుని చూసి, తండ్రికి ఫోన్ చేసింది. ఎదురుచూస్తున్నట్టు మొదటి గంటకే ఎత్తాడు.

"చెప్పలేదు నాన్నా. మీ పాట ఊసే ఎత్తలేదు."

ఆయన రిసీవర్ ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు వినిపించింది.

"రోజుకి మూడు నాలుగు వాయించేవాడట. సగం గుర్తులేవట. వాయించి మరిచిపోయేవాడట."

"ఆ చిట్లిన స్వరం గురించి కూడా చెప్పలేదా?"

"లేదు."

"పోన్లే" అన్నాడు రే. "ఒక్క ముక్క కూడా అనలేదా?" అని మళ్లీ అడిగాడు. అంతకాలం ఆయన దొంగసొత్తులా దాచినది పోయిందని దాని సొంతదారు గమనించనే లేదు. ఆయన గొంతులో ఊరట ఉంటుందనుకుంది గిలియన్. ఊరట లేదు. మర్నాడు ఏరియల్ మళ్లీ బిగించాడు. ఆ తర్వాత మాల్కం ఎన్నిసార్లు పిలిచినా వాయించడానికి వెళ్లలేదు. కీళ్ల నొప్పులన్నాడు. పాట రేడియోలో వస్తే లేచి ఆపేసేవాడు. కీళ్లు దానికి అడ్డొచ్చేవి కావు.

*

అంత్యక్రియల ముందురోజు మాల్కం ట్రిప్ ఇంటికొచ్చాడు. జుట్టు నల్లరంగు, కళ్లు ఎర్రగా. టీ తాగుతూ రేని తిట్టాడు, ఏడ్చాడు, బిస్కట్లు తిన్నాడు. తర్వాత పని మాట ఎత్తాడు.

"చివర్లో శవపేటిక ముందు తెర మూసేటప్పుడు 'పోటు వచ్చేదాకా' పెడదాం. దహనశాల వాళ్లతో మాట్లాడతాను. ఆ ముక్క వచ్చేసరికి తెర మూసుకోవాలి. ఊరు ఊరంతా గుండెమీద చెయ్యేస్తుంది చూడు."

డోరీన్ టీ కెటిల్ నింపడానికి వంటింట్లోకి వెళ్లింది. గిలియన్ గొంతు తగ్గించి, "మాల్కం బాబాయ్, అది నాన్న వాయించింది కాదు. నీకు తెలుసు" అంది.

మాల్కం కప్పు దించాడు. "చెప్పాడా నీకు?"

"చెప్పాడు."

"వెధవ" అన్నాడు ప్రేమగా. "ఎవరికమ్మా గుర్తుంటుంది అదంతా? ఆ టైవాలా ఒక పూట వాయించాడు. వీడు జీవితమంతా వాయించాడు. ఎవరిదనుకోవాలి చెప్పు? నేనైతే మనవాడిదే అంటాను. వాడికి చచ్చినా అర్థం కాలేదు."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా గిలియన్‌కి కళ్లముందు వేరే దృశ్యం కదిలింది. తండ్రి పెట్టెలో పడుకుని ఉంటాడు. లేచి మీట తిప్పడానికి ఈసారి చెయ్యి ఉండదు. ఊరందరి మధ్యా, చివరిసారి కూడా, ఎవరిదో జారిన వేలు ఆయన మీద పడుతుంది. వద్దనాలి. ఎందుకు వద్దో తల్లికి చెప్పకుండా వద్దనాలి. చెప్పే అబద్ధం కోసం వెతుకుతుండగానే డోరీన్ కెటిల్‌తో వచ్చింది.

"ఆ పాట వద్దు మాల్కం" అంది ఆమె. "వెనకవైపుది పెట్టించు."

మాల్కం తెల్లబోయాడు. "'తడిసిన కోటా'? డోరీన్, అదెవరికి తెలుసు? పాడిన నాకే మాటలు గుర్తులేవు."

"నాకు తెలుసు. పోయింది నా మొగుడు." కూతురివైపు తిరిగింది. "అలమారా కింది అరలో, నా ఎంబ్రాయిడరీ గుడ్డల కింద ఉంది, తీసుకురా తల్లీ."

గిలియన్ వెళ్లి మోకాళ్లమీద కూర్చుని గుడ్డలు తీసింది. కాగితపు తొడుగు అంచులు నలిగి మెత్తబడ్డాయి. రికార్డు బయటికి తీసి, తండ్రి నేర్పిన అలవాటు ప్రకారం కిటికీ వెలుగులోకి వంచింది. 'పోటు వచ్చేదాకా' వైపు కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. తన మొహం అందులో కనబడింది. తిప్పింది. వెనకవైపు అంచునుంచి నడిమి చీటీ దాకా బూడిదరంగు. సూది తినేసిన బూడిద.

డోరీన్ వెనక వచ్చి నిలబడింది. "గీరుమంటుందేమో. అయినా వినపడుతుందిలే."

"ఎప్పుడు వినేదానివమ్మా దీన్ని?"

"ఆయన రేవుకెళ్లాక. నువ్వు బడికెళ్లాక. అంట్లు తోముకుంటూ." ఆమె రికార్డు అందుకుని గుడ్డ పీలికతో అనవసరంగా తుడిచింది. "ముందువైపుది నాకెప్పుడూ ఎక్కలేదే. ఏదో టై కట్టుకుని నిలబడ్డట్టుంటుంది. కానీ ఆయన పేరంతా దానిమీదే కదా. అది బాగాలేదోయ్, వెనకది బాగుంటుందని మొహంమీద ఎలా అంటాను? నొచ్చుకుంటాడు. నలుగురితోపాటు నేనూ గుండెమీద చెయ్యేసుకునేదాన్ని."

గిలియన్‌కి కారు అద్దం మీది వాన గుర్తొచ్చింది. చెప్పేద్దామనుకుంది, ఇచ్చిన మాట అడ్డొచ్చింది. ఒక్కటి మాత్రం అడిగింది.

"మరి ఆ రోజు కాఫీ హోటల్లో, నాన్న లోపలికి రాకముందు?"

"ఇదే నొక్కాను" అంది డోరీన్, రికార్డుని తొడుగులో పెడుతూ. "ముందువైపుది వచ్చినవాళ్లంతా వేసి వేసి అప్పటికే చంపేశారు."